కుక్క చనిపోయిన యింటికి మరియొక కుక్క ఎప్పుడు?

ఒక యింటిని ఊహించుకొనుడు. ఆ యింట మూడు నెలల కుక్కపిల్ల యొకటి యున్నది. సోమవారమునాడు అది పాలు ముట్టలేదు. మంగళవారమునాడు వాంతులు పట్టుకొన్నవి. ఆ రాత్రికే నెత్తురు కలిసిన విరేచనములు మొదలైనవి. శుక్రవారము తెల్లవారునప్పటికి అది చనిపోయినది. ఇంటిలోని పిల్లలిద్దరును అన్నము ముట్టక మూల కూర్చుండిరి. వారి యేడ్పు చూడలేక తండ్రి పదిరోజులు తిరుగకముందే మరియొక కుక్కపిల్లను తెచ్చెను. అదే గొలుసు, అదే సత్తుగిన్నె, అదే గోనెపట్టా. రెండవ వారము వచ్చునప్పటికి దానికిని వాంతులు, దానికిని నెత్తురు విరేచనములు. అదియు పోయినది. "ఈ యింటికి కుక్క అచ్చిరాదమ్మా" అని ఇరుగుపొరుగువారు తేల్చివేసిరి.

ఈ మాట పట్టణములలోను పల్లెలలోను తరచు వినబడునదే. అందులో సగము నిజమున్నది. ఒకే యింట రెండు కుక్కపిల్లలు ఒకే తీరున చనిపోవుట కాకతాళీయము కాదు. అయితే దానికి కారణము ఆ యింటి అదృష్టములో లేదు. ఆ యింటి నేలలో నున్నది. మొదటి పిల్లను చంపిన సూక్ష్మజీవి ఆ వాకిటనే నిలిచియుండి రెండవ పిల్లకొరకు వేచియున్నది.

పెంపుడు జంతువు పోయిన తరువాత మరియొక దానిని ఎప్పుడు తెచ్చుకొనవలెనను ప్రశ్నకు చాలమంది "మనసు కుదుటపడినప్పుడు" అని జవాబు చెప్పుదురు. ఆ జవాబు మంచిదే గాని చాలదు. చూచుకొనవలసిన లెక్కలు మూడు కలవు. పోయిన జంతువు ఏ రోగముతో పోయినది? రాబోవు జంతువు శరీరము సిద్ధముగా నున్నదా? ఇంటిలో మిగిలినవారి మనసులు సిద్ధముగా నున్నవా? ఈ మూడు లెక్కలును కుదిరిన దినమే తగిన దినము.

మొదటి లెక్క: ఏ రోగముతో పోయినది?

పై యింటిలోని లక్షణములు పార్వో వైరస్ కలిగించు రోగమునకు చెందినవి. లాటిన్ భాషలో 'పార్వస్' అనగా చిన్నది. పేరునకు తగినట్లు ఈ వైరస్ వ్యాసము సుమారు 25 నానోమీటర్లు మాత్రమే. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఈ కణములను వరుసగా పేర్చినచో ఒక్క మిల్లీమీటరు పొడవునకు 40,000 కణములు పట్టును. రోగము తగిలిన కుక్క విసర్జించు మలములో ఇవి కోట్లకొలది యుండును.

ఈ వైరస్ పాతకాలపు శత్రువు కాదు. 1970ల చివరి భాగమున, పిల్లులకు సోకు ఒక వైరస్‌కు దగ్గరి బంధువుగా ఇది కుక్కలలో తలయెత్తినది. 1978లో దీనిని గుర్తించిరి. అటుపిమ్మట రెండేండ్లు తిరుగకముందే ఇది ప్రపంచమంతట వ్యాపించినది. 1980ల ఆరంభమున భారతదేశములోను కనిపించినది. దీనికి త్వరగా విభజన చెందు కణములన్న మిక్కిలి మక్కువ. ప్రేగుల లోపలి పొర కణములు, ఎముకల మూలుగలోని కణములు అట్టివి. ప్రేగుల పొర ఊడిపోవుటచే నెత్తురు విరేచనములు కలుగును. మూలుగ దెబ్బతినుటచే తెల్ల రక్తకణములు తగ్గి, రోగమును ఎదుర్కొను సేనయే లేకుండ పోవును. వేళకు సెలైను ఎక్కించి చికిత్స చేసినచో అనేక పిల్లలు బ్రతుకును. చికిత్స లేనిచో బ్రతుకునవి బహు తక్కువ.

ఇక ముఖ్యవిషయము. ఈ వైరస్ శరీరమును విడిచిన తరువాత ఎంతకాలము జీవించును? నీడపట్టున, తేమ నేలలో, నెలల తరబడి. అనుకూల పరిస్థితులలో ఒక సంవత్సరము వరకును, అంతకు మించియు.

ఇంతటి మొండితనమునకు కారణము దాని నిర్మాణములో నున్నది. వైరస్‌లు రెండు తీరులుగా నుండును. కొన్నింటికి పైన క్రొవ్వుతో కూడిన పలుచని పొర యుండును. జిడ్డు గిన్నెను సబ్బుతో తోమినచో జిడ్డు విడిపోవునట్లు, సబ్బు తగిలినంతనే ఆ పొర చీలిపోయి వైరస్ నశించును. ఎండకును, ఆరుదలకును అది తాళలేదు. పార్వో వైరస్‌కు అట్టి పొర లేదు. లోపలి డిఎన్ఏ చుట్టును గట్టి ప్రోటీను పెంకు మాత్రమే యున్నది. పండుగుజ్జు కుళ్లిపోయినను చింతగింజ నేలలో పడియున్నట్లు, అది చెడక నిలిచియుండును. సబ్బుకు అది లొంగదు. స్పిరిటుకు లొంగదు. ఫినాయిలు వాసన ఇల్లంతయు నిండినను అది చచ్చినదని నమ్ముటకు వీలులేదు.

దీనిని చంపగల సులభమైన వస్తువు క్లోరిను. బట్టలు తెల్లబరచుటకు అమ్ము ద్రవ బ్లీచిని, అనగా సుమారు 5 శాతము సోడియం హైపోక్లోరైటు గల దానిని, ఒక పాలునకు ముప్పది పాళ్లు నీరు చేర్చి వాడవలెను. లీటరు నీటికి సుమారు 33 మిల్లీలీటర్లు చాలును. అయితే దీనికొక క్రమమున్నది. మలము, వాంతి, మట్టి మొదలైనవి ఉన్నచోట క్లోరిను వాటితోనే వ్యయమైపోవును. కావున ముందుగా సబ్బునీటితో బాగుగా కడిగి, తరువాతనే బ్లీచి నీరు పోసి, పది నిమిషముల సేపు తడి ఆరకుండ చూడవలెను. తలుపులు తెరచి యుంచవలెను. మరుగుదొడ్డి కడుగు యాసిడుతో దీనిని ఎన్నడును కలుపరాదు; విషవాయువు పుట్టును. ఇనుప గొలుసు, గిన్నె, సిమెంటు గచ్చు ఈ విధముగా శుభ్రపడును. గోనెపట్టా, తోలుపటకా, చెక్కపెట్టె వంటివానిని కాల్చివేయుటయే మేలు.

మట్టి నేల మాటయేమి? దానిని బ్లీచితో శుభ్రపరచుట సాధ్యము కాదు. మట్టిలోని మలినమే క్లోరినును మ్రింగివేయును. ఎండ పడుచోటున వైరస్ త్వరగా తగ్గును గాని చెట్టునీడను, గోడవారను, నూతిపళ్లెము చుట్టును అది నిలిచియుండును. అట్టి పెరడు గల యింటికి టీకాలు పూర్తికాని కుక్కపిల్లను ఒక సంవత్సరము వరకు తేకుండుట క్షేమము. టీకాలన్నియు పడిన పెద్దకుక్కను మాత్రము శుభ్రపరచిన పిమ్మట తెచ్చుకొనవచ్చును.

అన్ని రోగములకును ఇంత నిరీక్షణ అవసరము లేదు. కుక్కలను పీడించు డిస్టెంపర్ అను వ్యాధిని చూడుడు. జ్వరము, కంటిపుసులు, దగ్గు, చివరకు మూర్ఛలు దీని లక్షణములు. ఇది వైరస్ వలన కలుగునని 1905లో ఫ్రెంచి పశువైద్యుడు ఆంరీ కారే చూపెను. చంపుటలో ఇది పార్వోకు తీసిపోదు గాని దీనికి క్రొవ్వుపొర కలదు. వెలుపల కొన్ని గంటలు, మహా అయినచో కొలది దినములు మాత్రమే నిలుచును. ఇల్లు కడిగి, ఎండనిచ్చి, రెండు మూడు వారములు ఆగినచో చాలును. ఇంటిలో వేరొక కుక్క రోగముతో నున్నచో అది పూర్తిగా కోలుకొని, ఇక రోగమును వెదజల్లుట లేదని వైద్యుడు చెప్పువరకు ఆగవలెను.

పోయిన కుక్క తీరు మారి, చొంగ కార్చుచు, మ్రింగలేక, కనబడిన దానినెల్ల కరచి చనిపోయినచో విషయము వేరు. అది రేబిస్ కావచ్చును. అప్పుడు కొత్త కుక్క మాట తలపెట్టరాదు. మొదట మనుష్యులను చూచుకొనవలెను. అది కరచినను, గీరినను, గాయముపై నాకినను, ఆ చోటును సబ్బుతో పారునీటిలో పదిహేను నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. 1885 జూలైలో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొట్టమొదట ఈ రోగమునకు టీకా వేయించినది మొదలు, వేళకు చేసిన చికిత్స ప్రాణము నిలుపుచున్నది. లక్షణములు కనబడిన తరువాత మాత్రము దాదాపు ఎవరును బ్రతుకరు. రేబిస్ వైరస్ ఇంటి నేలపై ఎక్కువకాలము నిలువదు. కాని ఆ కుక్క కరచిన ఇతర జంతువులలో అది నెలల తరబడి దాగియుండగలదు. వాటి సంగతి పశువైద్యుడు తేల్చువరకు ఆ యింటికి మరియొక ప్రాణిని తేరాదు.

పిడుదుల వలన కలుగు జ్వరములు మరియొక తెగ. రక్తము క్షీణించి, ముక్కునుండి నెత్తురు కారి కుక్క చనిపోవును. ఇచట వేచియుండునది వైరస్ కాదు, పిడుదు. కుక్కల గోధుమరంగు పిడుదు గోడపగుళ్లలోను, మంచపుకోళ్ల సందులలోను దాగి వేలకొలది గ్రుడ్లు పెట్టును. పెద్ద పిడుదు నెత్తురు దొరకకున్నను నెలల తరబడి బ్రతుకగలదు. కుక్క పోయిన తరువాత ఇల్లు నిశ్శబ్దముగా నున్నట్లు తోచినను గోడ ఖాళీగా లేదన్నమాట. పగుళ్లను పూడ్చి, మందు కొట్టించి, తిరిగి పిడుదులు కనబడుట లేదని కొన్ని వారములు చూచిన పిమ్మటనే కొత్త కుక్కను తేవలెను.

ఎలుకల మూత్రము ద్వారా వ్యాపించు లెప్టోస్పైరా అను బాక్టీరియా తడి నేలలో వారములు, నెలలు నిలుచును. ఆరిన నేలలో త్వరగా చచ్చును. వరిచేల నడుమనున్న గ్రామములలో ఇది మనుష్యులకును ప్రమాదకరము. ఎలుకలను నిర్మూలించి, నీరు నిలువకుండ చేసి, వానకాలము గడవనిచ్చి తెచ్చుట మంచిది.

ముసలితనము వలన, గుండెజబ్బు వలన, మూత్రపిండములు చెడుట వలన, బండిక్రింద పడుట వలన కుక్క పోయినచో మొదటి లెక్క ప్రకారము ఒక్కదినమైనను ఆగనవసరము లేదు. అందుచేత, ఎంత దుఃఖములో నున్నను, మరణకారణమును వైద్యునిచే కాగితముపై వ్రాయించుకొనుట మరువరాదు. కారణము తెలియక చిన్నపిల్ల చనిపోయినచో దానిని పార్వోగానే యెంచి నడచుకొనుట క్షేమము.

రెండవ లెక్క: రాబోవు పిల్ల సిద్ధమా?

కుక్కపిల్ల పుట్టిన మొదటి దినమున త్రాగు ముర్రుపాలలో తల్లి యొక్క ప్రతిరక్షకములుండును. ఇవి కొన్ని వారముల వరకు పిల్లను కాపాడును. కాని అవి దినదినమును తరుగును. సుమారు పదిదినముల కొకసారి వాటి మొత్తము సగమగును.

ఒక మాదిరి లెక్క వేసి చూడవచ్చును. పుట్టినప్పుడు పిల్ల రక్తములో ప్రతిరక్షకములు 1280 పాళ్లున్నవనుకొన్నచో 10వ నాటికి 640, 20వ నాటికి 320, 30వ నాటికి 160, 40వ నాటికి 80, 50వ నాటికి 40, 60వ నాటికి 20 మిగులును. రోగమును ఆపుటకు 80 పాళ్లు కావలెననియు, 20 పాళ్లకు తగ్గినగాని టీకా పట్టదనియు అనుకొనుడు. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకములే టీకాను కూడ శత్రువుగా నెంచి అణచివేయుటచే ఇట్లు జరుగును. అప్పుడు 40వ దినమునకును 60వ దినమునకును నడుమ పిల్లకు తల్లిరక్షణయు లేదు, టీకారక్షణయు లేదు. వీథిదీపము ఆరిపోయి, ఇంటిదీపము ఇంకను వెలుగని సమయమువంటి దిది.

ఈ సంధికాలము ఏ పిల్లకు ఎప్పుడు వచ్చునో బయటికి తెలియదు. అందుచేతనే ఒక్క టీకాతో ఊరుకొనరు. ఆరు మొదలు ఎనిమిది వారముల వయసున మొదలుపెట్టి, రెండు మొదలు నాలుగు వారముల కొకసారి, పదునారు వారములు నిండువరకు వేయుచునే యుందురు. చివరి టీకా పదునారు వారములకు ముందే పడినచో కొన్ని పిల్లలకు రక్షణ కలుగకపోవచ్చును. "ఒక టీకా వేయించినాము గదా" అని పార్వో యున్న వాకిట పిల్లను వదలినవారు మోసపోవుట యిందువలననే.

అట్లని పిల్లను పదునారు వారములు చీకటిగదిలో దాచుటయు తగదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు పిల్ల మనుష్యులను, శబ్దములను, తోటి జంతువులను ఎరుగు కాలము. అప్పుడు ఏకాకిగా పెరిగినది తరువాత పిరికిదో, కరచునదో కావచ్చును. కావున ఎనిమిది వారములు నిండువరకు తల్లివద్దనే యుంచి, పిమ్మట టీకాలు పూర్తియగువరకు రోగము సోకని వేరొక యింట పెంచి, చేతులపై నెత్తుకొని లోకమును చూపుట ఉత్తమము. పెరడులో పార్వో అనుమానమున్నవారు, పిల్లకొరకు పట్టుపట్టక, టీకాలు పడిన యేడాది కుక్కను తెచ్చుకొనుట అన్నిటికంటె సులభమైన మార్గము.

మూడవ లెక్క: ఇంటివారి మనసు

ఒక కుక్క పోయినందుకు ఇంత దుఃఖమేమిటని కొందరు తేలికగా మాటలాడుదురు. దీనికిని శరీరములో ఆధారమున్నది. కుక్కయు యజమానియు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొనునప్పుడు ఇద్దరిలోను ఆక్సిటోసిన్ అను హార్మోను పెరుగునని 2015లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తల్లిని బిడ్డను కలిపి యుంచు హార్మోను ఇదియే. పండ్రెండేండ్లు ప్రతిదినము నడచిన ఈ బంధము ఒక్క ఉదయమున తెగిపోయినప్పుడు మనిషి కుములుట బలహీనత కాదు.

ఆ దుఃఖము ఇన్ని వారములకు తీరునని చెప్పు పట్టిక ఏదియు లేదు. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో చెప్పిన అయిదు దశలు మరణము సమీపించిన రోగులను చూచి వ్రాసినవి; వాటిని క్యాలెండరువలె వాడుట తగదు. దినములు లెక్కించుటకంటె ఒక ప్రశ్న వేసికొనుట మేలు: "కావలసినది ఒక కుక్కయా, లేక పోయిన ఆ కుక్కయేనా?" అదే రంగు, అదే జాతి, అదే పేరు కావలెనని మనసు కోరుచున్నచో ఇంకను కొంతకాలము ఆగవలెను. వచ్చిన పిల్ల తలుపు దగ్గర కూర్చుండనందుకు, పిలిచిన వెంటనే రానందుకు, అది చేయని తప్పునకు దానిపై విసుగు కలుగును. కొత్తదాని అల్లరిని తలచుకొన్నప్పుడు నవ్వు వచ్చినచో మనసు సిద్ధమైనదనుకొనవచ్చును. మరునాడే అట్టి మనసు కలుగువారున్నారు. వారు పోయినదానిని ప్రేమించలేదనుట అన్యాయము.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త కావలెను. బుడాపెస్టు నగరమున మరియా నాగీ అను పరిశోధకురాలు మూడు మొదలు పదియేండ్ల వయసుగల 378 మంది బాలబాలికలతో మాటలాడి, వారి భావములను 1948లో ప్రకటించెను. అయిదేండ్లలోపు పిల్లలు చావును ఒక ప్రయాణమువలెనో, నిద్రవలెనో భావింతురు. పోయినవారు తిరిగివత్తురని నమ్ముదురు. తొమ్మిదేండ్లు వచ్చునప్పటికి గాని అది అందరికిని తప్పనిదని గ్రహింపరు. అట్టి చిన్నపిల్లకు రాత్రికి రాత్రి అదే రంగు కుక్కను తెచ్చి "ఇదిగో, తిరిగి వచ్చినది" అని చెప్పుట దయవలె కనబడును. కాని చావు మార్పిడి చేసికొనగల వస్తువని ఆ పిల్ల నేర్చుకొనును. నిజము తెలిసిన దినమున పెద్దల మాటపై నమ్మకము పోవును. "నిద్రపోయినది" అనుటయు మంచిది కాదు. కొందరు పిల్లలు నిద్రకే భయపడుదురు. "దాని శరీరము పనిచేయుట మానినది, ఇక రాదు" అని సూటిగా చెప్పి, ఏడ్వనిచ్చి, కొత్తదాని యెంపికలో వారిని కూడ చేర్చుకొనవలెను.

ఇంటిలో రెండవ కుక్క యున్నచో దాని మనసును లెక్కలోనిదే. 2022లో ఇటలీ శాస్త్రజ్ఞులు 426 మంది యజమానులను ప్రశ్నింపగా, తోడికుక్క పోయిన తరువాత మిగిలినదాని ప్రవర్తన మారినదని 86 శాతము మంది చెప్పిరి. ఆటలు తగ్గుట, యజమానిని విడువకుండుట, తిండి తగ్గుట వారు గమనించిన మార్పులు. ఇవి యజమానులు చెప్పిన మాటలు గనుక వారి దుఃఖపు నీడ వాటిపై పడియుండవచ్చును. అయినను త్రోసివేయదగినవి కావు. తిండి మానిన కుక్కను ముందుగా వైద్యునికి చూపవలెను. అది దిగులు కాక, పోయినదానికి తగిలిన రోగమే కావచ్చును. ఆరోగ్యముగా నున్నచో భోజనపు వేళలు, నడక వేళలు తప్పకుండ చూచుచు, అది తిరిగి ఆటకు వచ్చువరకు ఆగుట మంచిది. కీళ్లనొప్పులతోనున్న ముసలికుక్కకు మందుగా గంతులువేయు పిల్లను తెచ్చుట దానిని బాధించుటయే యగును. కొత్తదానిని తెచ్చినప్పుడు మొదటి పరిచయము ఇంటిలో కాక, రెండింటికిని సొంతము కాని మైదానమున జరుగవలెను.

మొదటి యింటికి తిరిగి వత్తము

మొదట చెప్పిన యింటి తండ్రి చేసిన పని దయతో చేసినదే. లోపించినది దయ కాదు, ఒక్క సమాచారము. మొదటి పిల్ల చనిపోయినప్పుడు కారణము అడిగి తెలిసికొని, గోనెపట్టాను కాల్చి, గచ్చును కడిగి బ్లీచి నీరు పోసి, పదునారు వారములు దాటి టీకాలన్నియు పడిన కుక్కను తెచ్చియున్నచో రెండవ ప్రాణము పోయెడిది కాదు. పిల్లలు నెలలోపల రెండు చావులను చూచియుండెడివారు కారు.

ఇప్పుడైనను ఆ యింటికి దోషము లేదు. రెండు పిల్లలు పోయిన పెరడు గనుక ఒక సంవత్సరము పాటు అక్కడ కుక్కపిల్ల తిరుగరాదు. ఆ సంవత్సరములో కుక్క లేక గడుపజాలకున్నచో పెరటిలోనికి పోకుండ, కడిగిన గచ్చుపై మసలు పెద్దకుక్కను తెచ్చుకొనవచ్చును. నూతివద్ద నీరు నిలువకుండ చేసి, చెట్టుకొమ్మలు నరికి పెరటికి ఎండ తగులనీయవలెను. గొలుసును బ్లీచి నీటిలో నానబెట్టి కడిగి మేకునకు తగిలించి యుంచవలెను. దానిని క్రిందికి దింపు దినమును ఆ యింటి పిల్లలే నిర్ణయింపగలరు; ఆ లెక్క వారికి నేర్పుట పెద్దల పని.